ఫైనల్‌కైనా 50 ఓవర్లు ఉంచండి: గుంటూరు క్లబ్ క్రికెట్ పెద్దలకు బహిరంగ లేఖ

గుంటూరులోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ క్లబ్ క్రికెట్ పోటీలు నడిపే పెద్దలందరికీ నమస్కారం.

వచ్చే సీజన్ నుంచి పోటీలన్నీ 20 ఓవర్లకే పెట్టాలని, ఫైనల్ కూడా అలాగే ఆడించాలని మీలో కొందరు అనుకుంటున్నట్టు తెలిసింది. అందుకే ఈ ఉత్తరం. లీగ్ మ్యాచ్‌ల గురించి నేనేమీ మాట్లాడను. టీములు ఎక్కువ, గ్రౌండ్లు తక్కువ, ఆదివారం గ్రౌండ్ దొరికితే ఆ ఒక్క రోజులోనే రెండు మూడు మ్యాచ్‌లు అయిపోవాలి. మీరు పడే తిప్పలు దగ్గరుండి చూసినవాణ్ణి. ఫైనల్‌ని మాత్రం 50 ఓవర్లకే ఉంచండి. వీలుంటే సెమీఫైనల్స్ కూడా.

కరోనాకి ముందు ఒక సీజన్‌లో మా క్లబ్ ఫైనల్ దాకా వచ్చింది. మీలో కొందరు ఆ రోజు షామియానా కింద కూర్చుని ఆ మ్యాచ్ చూసినవాళ్లే. అది మేం ఓడిపోయాం. అయినా మా క్లబ్‌లో ఎవర్ని కదిపినా, గెలిచిన మ్యాచ్‌లన్నీ వదిలేసి ముందు దాని గురించే చెబుతారు. ఆ రోజు మా తరఫున స్కోర్‌బుక్ రాసింది నేను. ఇప్పుడు ఆ పుస్తకం ముందు పెట్టుకునే మీకు రాస్తున్నాను.

మాది పాతగుంటూరు కుర్రాళ్ల క్లబ్. సొంత గ్రౌండ్ లేదు, నెట్స్ లేవు, కోచ్ లేడు. ఒక స్కూలు గ్రౌండ్‌లో వాచ్‌మన్ గేటు వేసేదాకా ప్రాక్టీసు చేసుకునేవాళ్లు. టీం మొత్తానికి ఒకటే కిట్ బ్యాగ్, రెండే హెల్మెట్లు. అవుటై వచ్చేవాడు బౌండరీ దగ్గర హెల్మెట్ తీసి, లోపలికి వెళ్లేవాడి చేతికిచ్చేవాడు. చెమటకి తడిసిపోయిన ఆ హెల్మెట్‌లో చేతిరుమాలు పరుచుకుని, దాన్నే పెట్టుకుని వెళ్లేవాళ్లు. ఓపెనర్ మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమస్తా. యార్డుకి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగడం మొదలైతే అతనికి ఆదివారం సెలవు కూడా అనుమానమే. వికెట్ కీపర్ ఆటోనగర్‌లో లారీ మెకానిక్. లెగ్ స్పిన్నర్ ఆటో నడిపేవాడు, స్కూలు పిల్లల ట్రిప్పు వేసి వచ్చి బౌలింగ్ చేసేవాడు. కెప్టెన్ ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్.

అవతలి క్లబ్‌ని తక్కువ చేసి చెప్పడానికి ఏమీ లేదు. వాళ్ల దగ్గర నెట్స్ ఉన్నాయి, కోచ్ ఉన్నాడు, రాష్ట్ర జట్టుకి ఏజ్ గ్రూపుల్లో ఆడిన కుర్రాళ్లున్నారు. అంతకన్నా ముఖ్యంగా వాళ్లు కష్టపడి ఆడే పిల్లలు. అంతకుముందు రెండు సీజన్లూ కప్పు వాళ్లదే. మేం సెమీస్ గెలవడమే చాలామంది నమ్మలేదు. ఫైనల్ రోజు పొద్దున షామియానా వేస్తున్న అతను కూడా, మధ్యాహ్నానికి విప్పుకోవచ్చా అని అడిగాడు.

సంక్రాంతి వెళ్లాక వచ్చిన ఆదివారం అది. పిచ్ మీద పరిచే మ్యాట్ మంచుకి తడిసిపోకుండా ఎండ కాస్త తగిలాకే పరిచారు. నాలుగు పక్కలా లాగి మేకులు కొట్టారు. టాస్ గెలిచి మావాళ్లు బ్యాటింగ్ తీసుకున్నారు. మ్యాట్ మీద ఆడినవాళ్లకి చెప్పక్కర్లేదు, కింద నేల గట్టిగా ఉండి బంతి కొత్తదైతే ఎలా లేస్తుందో. వాళ్ల ఓపెనింగ్ బౌలర్ వేసినవి ఛాతీ మీదికి వస్తుంటే మావాళ్లు ముందుకు కాలు వేయడమే మానేశారు. 17 ఓవర్లకి 41 పరుగులు, 5 వికెట్లు. షామియానా అతను నా వంక చూశాడు.

అప్పటికి క్రీజులో ఉన్నది మెకానిక్ కుర్రాడు. అతనికి తోడు కెప్టెన్ వెళ్లాడు. ఇక్కణ్ణుంచి స్కోర్‌బుక్ చూస్తే మీకే అర్థమవుతుంది. కీపర్ పేరుకి ఎదురుగా ఉన్న గడిలో మొదటి 24 బంతులకీ 24 చుక్కలు. ఒక్క పరుగు లేదు. వాళ్ల బౌలర్ల గడుల్లో ఆరేసి చుక్కలు కలిపి మెయిడెన్, అంటే పరుగు రాని ఓవర్, గుర్తు గీస్తూ పోయాను. వేరే మ్యాచ్‌లో అయితే బయట నుంచి మావాళ్లే అరిచేవాళ్లు, కొట్టరా అని. ఆ రోజు ఎవరూ నోరు తెరవలేదు. ఎందుకంటే అతను ఏం చేస్తున్నాడో అందరికీ కనబడుతోంది. లేచే బంతికి చేతులు కిందికి దించేసి వదిలేస్తున్నాడు. వికెట్ మీదికొచ్చినదాన్ని మాత్రం వెనక్కి జరిగి కాళ్ల దగ్గర పడేస్తున్నాడు. ఓవర్ అయినప్పుడల్లా మ్యాట్ కొస దగ్గరికి వెళ్లి, లేచిన చోట కాలితో తొక్కి, మళ్లీ వచ్చి గార్డు తీసుకుంటున్నాడు. బంతి మెత్తబడేదాకా ఆగాలి, అంతే అతని లెక్క.

బంతి మెత్తబడింది. వాళ్ల స్పిన్నర్లు వచ్చారు. అప్పుడు మొదలుపెట్టారు ఇద్దరూ, ఒకటి, రెండు, ఖాళీ చూసి ఒక ఫోర్. ఆరో వికెట్‌కి 74 పరుగులు చేశారు. కెప్టెన్ 33 కొట్టి అవుటయ్యాడు. కీపర్ 102 బంతులాడి 46. చివరి జత ఇద్దరూ బ్యాట్ పట్టుకోవడం కూడా సరిగా రానివాళ్లు, అయినా 19 పరుగులు తెచ్చారు. 48.3 ఓవర్లలో 158 ఆలౌట్.

పులిహోర, పెరుగన్నం పొట్లాలు తిని ఫీల్డింగ్‌కి దిగారు మావాళ్లు. మధ్యాహ్నం ఆట గురించి మొదట చెప్పుకోవడానికేమీ లేదు. 29 ఓవర్లకి వాళ్లు 2 వికెట్లకి 112. మా లెగ్ స్పిన్నర్‌ని రెండు సిక్సర్లు బాదారు. మొదటి స్పెల్‌లో 5 ఓవర్లకి 31 పరుగులు, వికెట్ లేదు. కెప్టెన్ అతన్ని తీసేసి లాంగాన్‌లో నిలబెట్టాడు. ఆ కుర్రాడు అక్కడ నిలబడి కూడా కుడి మణికట్టు తిప్పుకుంటూనే ఉన్నాడు.

30వ ఓవర్ మళ్లీ అతనికే ఇచ్చాడు కెప్టెన్. ఈసారి రెండో వైపు నుంచి, గాలికి ఎదురుగా. అప్పటికి మ్యాట్ ఎండకి బాగా ఆరి గరుకెక్కింది, బంతి తోలు రేగింది. అంతకుముందు చదునుగా తోసినవాడు ఇప్పుడు పైకి వదలడం మొదలుపెట్టాడు. మొదటి వికెట్ స్టంపౌట్. సిక్సర్లు కొట్టిన కుర్రాడే మూడో సిక్సర్‌కని ముందుకొచ్చాడు, బంతి అతని ముందే పడి తిరిగింది, మెకానిక్ చేతులు బెయిల్స్ లేపేశాయి. ఆ తర్వాతి ఓవర్‌లో ఒక గూగ్లీకి ఎల్‌బీ. ఇంకో ఇద్దరు స్లిప్‌లో. ఇవతలి కొస నుంచి కెప్టెన్ పరుగులివ్వకుండా బిగించి వేశాడు, ఆ టెన్షన్‌లో ఒకరు రనౌటయ్యారు. 38 ఓవర్లు అయ్యేసరికి 7 వికెట్లకి 131. రెండో స్పెల్‌లో అతను 5 ఓవర్లకి 13 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు.

అప్పుడు గ్రౌండ్ చూడాల్సింది మీరు. గోడ మీద జనం. పక్క గ్రౌండ్‌లో టెన్నిస్ బాల్ ఆడుకునే పిల్లలు ఆట ఆపేసి వచ్చారు. టీ బండి అతను బండి వదిలేసి సైట్‌స్క్రీన్ దగ్గర నిలబడితే అంపైర్ పక్కకి జరగమనాల్సి వచ్చింది. 46వ ఓవర్‌లో తొమ్మిదో వికెట్ పడింది, స్కోరు 152. ఇంకా 7 కావాలి. నా పక్కన కూర్చున్న వాళ్ల స్కోరర్, నేను ప్రతి బంతికీ ఒకరి పుస్తకంలోకి ఒకరం చూసుకుంటున్నాం, తప్పు పోతుందేమోనని. ఒకటి, ఒకటి, ఒకటి. 49వ ఓవర్ రెండో బంతి బ్యాట్ అంచుకి తగిలి కీపర్‌కీ స్లిప్‌కీ మధ్యలోంచి ఫోర్ వెళ్లింది. ఒక్క వికెట్ తేడాతో వాళ్లు గెలిచారు. మా లెగ్ స్పిన్నర్ చతికిలబడిపోతే వాళ్ల చివరి బ్యాట్స్‌మన్ వెళ్లి చేయిచ్చి లేపాడు.

ఇప్పుడు నేను చెప్పదల్చుకున్నది వినండి. అదే పుస్తకంలో మా ఇన్నింగ్స్ 20వ ఓవర్ చివర గీసిన గీత దగ్గర స్కోరు 5 వికెట్లకి 52. 20 ఓవర్ల ఆటైతే మావాళ్లు వేరేలా ఆడేవాళ్లు, నిజమే. 52కి బదులు 80 చేసేవాళ్లేమో. కానీ 24 బంతులు వదిలేసి నిలబడే అవకాశం ఆ మెకానిక్ కుర్రాడికి ఉండేది కాదు. అలా ఆడగలడని అతనికి కూడా తెలిసేది కాదు. ఇక లెగ్ స్పిన్నర్. 20 ఓవర్ల ఆటలో ఒక బౌలర్‌కి 4 ఓవర్లే. ఆ రోజు 4 ఓవర్లయ్యేసరికి అతని లెక్క 27 పరుగులు, వికెట్ లేదు. అక్కడితో అతని పని అయిపోయేది. దెబ్బ తిన్న బౌలర్ ఒక గంట ఆలోచించుకుని, కొస మార్చుకుని, వేగం తగ్గించుకుని తిరిగి రావడం అనేది 10 ఓవర్లు వేసే ఆటలోనే కుదురుతుంది.

ఆ రోజు బహుమతులివ్వడానికి వచ్చిన ఒక పెద్దాయన, సెలక్షన్ సంగతులు చూసేవారే, చివరిదాకా ఉండిపోయారు. అయ్యాక నా దగ్గరికొచ్చి పుస్తకం అడిగి, ఆ రెండు పేర్ల ఎదురుగా వేలు పెట్టి చూసుకున్నారు. ఇద్దరికీ క్యాంపుకి పిలుపొచ్చింది. మెకానిక్ కుర్రాడు వెళ్లలేకపోయాడు, షెడ్డులో అన్ని రోజులు సెలవు దొరకలేదు. లెగ్ స్పిన్నర్ వెళ్లాడు, ఆడాడు. ఇప్పటికీ ఆటో నడుపుతున్నాడు, ఆదివారాలు మా పిల్లలకి బౌలింగ్ నేర్పుతున్నాడు. పెద్ద కథేమీ కాదు. కానీ సిఫార్సు చేసేవాళ్లు లేని కుర్రాడికి తనేంటో చూపించుకోవడానికి కాస్త సమయం కావాలి. ఆ సమయం ఇచ్చింది ఆ ఫైనలే.

మీరు పిల్లల్ని తయారుచేసేది దేనికో ఒకసారి ఆలోచించండి. పై స్థాయిలో 16 ఏళ్ల లోపువాళ్లు ఆడే విజయ్ మర్చంట్ ట్రోఫీ మూడు రోజుల ఆట. 19 ఏళ్ల లోపువాళ్ల కూచ్ బెహార్ ట్రోఫీ నాలుగు రోజులు. ఆపైన సీకే నాయుడు ట్రోఫీ నాలుగు రోజులు. రంజీ ట్రోఫీ లీగ్ మ్యాచ్ కూడా నాలుగు రోజులు. ఆ సీకే నాయుడు గారే, 1932లో ఇండియా మొదటి టెస్టుకి కెప్టెన్, 1953-54లో ఆంధ్ర మొదటిసారి రంజీ ఆడినప్పుడు మనకీ కెప్టెన్. ఊళ్లో 20 ఓవర్లు తప్ప ఆడనివ్వకుండా, అక్కడికి పంపి నాలుగు రోజులు నిలబడమంటే ఎలా నిలబడతారు?

మన గుంటూరు కుర్రాడు షేక్ రషీద్‌నే చూడండి. 2022 ఫిబ్రవరిలో అండర్-19 ప్రపంచ కప్ ఫైనల్. ఇంగ్లండ్ 189కి ఆలౌటైంది. మొదటి ఓవర్‌లోనే మన ఓపెనర్ సున్నాకి అవుట్. అప్పుడొచ్చిన రషీద్ 84 బంతుల్లో 50 చేశాడు. ఇండియా 4 వికెట్ల తేడాతో గెలిచింది. అంతకుముందు సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద 94. ఆ ఫైనల్ చూసినప్పుడు మా మెకానిక్ కుర్రాడి చుక్కలే గుర్తొచ్చాయి నాకు. ఆ 84 బంతుల ఓపిక ఎవరికీ ప్రపంచ కప్‌కి వెళ్లాక వచ్చి పడదు. కింద ఎక్కడో ఒక గ్రౌండ్‌లో అలవాటు కావాలి.

ఇంకో మ్యాచ్ కూడా మీకు గుర్తుండే ఉంటుంది. 2024 ఫిబ్రవరి, ఇండోర్‌లో రంజీ క్వార్టర్‌ఫైనల్. మధ్యప్రదేశ్‌ని ఆంధ్ర రెండో ఇన్నింగ్స్‌లో 107కే ఆలౌట్ చేసింది. 170 కొడితే సెమీస్. 165 దగ్గర ఆలౌటయ్యాం. నాలుగు పరుగుల తేడా. ఆ మ్యాచ్ పోయినందుకు నేనెవర్నీ తప్పుపట్టను. వికెట్లు పడుతున్నా ఒక్కొక్క పరుగే తెచ్చుకుంటూ అంత దగ్గరికి వెళ్లడం ఆషామాషీ కాదు. అలాంటి చోట నిలబడి గట్టెక్కించే ఒక్కడు కావాలి. వాడు మన క్లబ్ ఫైనల్స్‌లోంచే రావాలి, ఇంకెక్కణ్ణుంచి వస్తాడు?

చిన్న జట్టు పెద్ద జట్టుని ఢీకొట్టాలంటే 20 ఓవర్లే మేలని మీలో ఒకరు నాతో అన్నారు. ఒకడు పది నిమిషాలు చెలరేగితే చాలు, ఎవరైనా గెలవచ్చని. నిజమే. కానీ అలా గెలిస్తే ఏదో కలిసొచ్చిందని అంటారు. 1990-91 రంజీ ఫైనల్‌లో హర్యానా వాంఖడేలో బొంబాయిని 2 పరుగుల తేడాతో ఓడించింది. బొంబాయికి 355 కావాలి, సచిన్ 96, వెంగ్‌సర్కార్ 139 నాటౌట్, అయినా 352 దగ్గర ఆగిపోయింది. ఆఖరి రోజు ఆఖరి వికెట్ దాకా ఆడి గెలిచిన హర్యానాని కలిసొచ్చిందని అనగలిగినవాళ్లు లేరు. 1983లో మనవాళ్లు 183కే ఆలౌటై ప్రపంచ కప్ గెలిచింది కూడా 60 ఓవర్ల ఆటలోనే.

జనం రారంటారు. 2002 నవంబరు 24న విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో వెస్టిండీస్‌తో వన్డే ఆడినప్పుడు ఇక్కణ్ణుంచి ఎంతమంది వెళ్లారో మీకు తెలుసు. సిరీస్ 3-3 మీద ఉంది. శామ్యూల్స్ సెంచరీ కొట్టాడు, మనవాళ్లు 180కే ఆలౌటయ్యారు. ఎండలో కూర్చుని ఓడిపోయిన మ్యాచే చూసొచ్చాం. ఇప్పటికీ చెప్పుకుంటాం. మా ఫైనల్‌కి పొద్దున పదిమంది కూడా లేరు, సాయంత్రానికి గోడ మీద చోటు లేదు. ఆట బాగుంటే జనం వాళ్లంతట వాళ్లే వస్తారు.

ఖర్చు సంగతి. రోజంతా ఆటకి అంపైర్ల ఫీజు పెరుగుతుంది, భోజనాలు పెట్టాలి. ఫైనల్ ఆడే రెండు క్లబ్‌లూ చెరొక కొత్త బంతి తెచ్చుకుంటాయి, భోజనాల ఖర్చు చెరిసగం పెట్టుకుంటాయి. మా క్లబ్ తరఫున నేను మాటిస్తున్నాను. మాలాంటి క్లబ్ పెట్టగలిగినప్పుడు మిగతావాళ్లు కాదనరు. స్పాన్సర్లకి సాయంత్రం లైట్ల కింద సందడి కావాలంటే లీగ్ మ్యాచ్‌లు అలా ఆడించండి, బ్యానర్లు కట్టుకోనివ్వండి. ఫైనల్‌కి కూడా వాళ్ల పేరే పెట్టుకోండి, మాకేం అభ్యంతరం లేదు.

ఎండ గురించి మీరన్నది కరెక్టే. మన గుంటూరు ఎండల్లో, ఏప్రిల్, మే నెలల్లో 50 ఓవర్లు ఆడించమని ఎవరూ అడగరు. అక్టోబరు, నవంబరుల్లో వానలు, తుపాన్లు. అందుకని లీగ్ డిసెంబరులో మొదలుపెట్టి జనవరి చివరికల్లా ఫైనల్ పెట్టండి. పొద్దున ఎనిమిదిన్నరకి మొదలైతే ఇన్నింగ్స్‌కి మూడున్నర గంటలు, మధ్యలో నలభై నిమిషాలు, నాలుగున్నర లోపు అయిపోతుంది. వెలుతురుకి ఇబ్బంది ఉండదు. కాలేజీ గ్రౌండ్లు పరీక్షలు దగ్గరపడితే ఇవ్వరు కాబట్టి ఆ తేదీ ముందే అడిగి పెట్టుకోవాలి. ఆ తిరుగుడు పని మీకు కష్టమనిపిస్తే నాకు చెప్పండి, ఉత్తరాలు పట్టుకుని ప్రిన్సిపాళ్ల దగ్గరికి నేను వెళతాను. స్కోరింగ్‌కి ఎవరూ దొరక్కపోతే ఏ రెండు క్లబ్‌లు ఆడినా వచ్చి రాస్తాను, ఒక్క రూపాయి వద్దు.

ఫిక్చర్లు వేసే మీటింగ్ దగ్గరపడుతోంది. ఆ మీటింగ్‌లో ఈ ఒక్క విషయం మీద చిన్న క్లబ్‌ల వాళ్లని కూడా పిలిచి అడగండి. మేమందరం వస్తాం. మీరు కావాలంటే ఆ స్కోర్‌బుక్ కూడా తెస్తాను, 17వ ఓవర్ నుంచి చూడండి.

ఇట్లు,
పాతగుంటూరు నుంచి మీకు తెలిసిన స్కోరర్